సుద్దముక్కల డబ్బా

మా కటింగ్ గదిలో సుద్దకు ఒక రూలు ఉంది. పాత ముక్క తెచ్చి ఇస్తేనే కొత్తది ఇస్తాను. గోరంత మిగిలినా సరే, అది నా బల్ల మీద పడాల్సిందే. ఆ రూలు పెట్టింది నేనే. బడిపిల్లల చొక్కాలు కుట్టే కార్ఖానా మాది. పద్దెనిమిదేళ్ళుగా గుడ్డ మీద గీతలు గీయించే పని నాది. పది మంది ఆడవాళ్ళు, రెండు పొడుగాటి బల్లలు, ఒకదాని మీద ఒకటి నలభై పొరలు పరిచిన గుడ్డ. పై పొర మీద కొలత అట్టలు పెట్టి చుట్టూ సుద్దతో గీస్తే, ఆ గీత వెంట కటింగ్ మాస్టరు మిషను నడుపుతాడు. గీత నూలుపోగంత పక్కకు పోతే నలభై చొక్కాలు పాడవుతాయి. అందుకే నాకు నోరెక్కువ, ఓపిక తక్కువ. వెనకాల నన్ను రాక్షసి అంటారని తెలుసు. ఎదురుగా మాత్రం అక్కా అంటారు.

దొరసాని పనిలో చేరిన మూడో వారంలోనే ఆ రూలుకు దొరికిపోయింది.

ఆ పేరు మేం పెట్టిందే. మనిషి మరీ తెల్లగా ఉండేది. పెదవులు, గోళ్ళు, చెవి తమ్మెలు అన్నీ ఒకే తెలుపు. "మొహానికి ఏం రాస్తావే, మాకూ చెప్పవే" అని పక్కవాళ్ళు ప్రాణం తీసేవాళ్ళు. "ఏమీ రాయను, ఎండలోకి పోను, అంతే" అని నవ్వేది. ఒకామె ఏకంగా ఆమె సబ్బు పేరు అడిగి కొనుక్కుంది కూడా. ఆ తెలుపు ఎక్కడి నుంచి వచ్చిందో మాలో ఒక్కరికీ తట్టలేదు. చూసి అసూయపడ్డాం, సిగ్గులేని వాళ్ళం.

ఆ రోజు కొత్త సుద్ద కోసం నా బల్ల దగ్గరికి వచ్చింది.

"పాత ముక్క ఏది?"

"పోయిందక్కా."

"నిన్నటిది?"

"అదీ పోయింది."

"కాళ్ళొచ్చి నడుచుకుంటూ పోయాయా రెండూ? నోరు తెరువు."

ఎందుకు అలా అన్నానో నాకే తెలియదు, పెదవి మూల తెల్లటి పొడి కనిపించింది కాబోలు. నోరు తెరిచింది. నాలుక మీద సుద్ద, పళ్ళ సందుల్లో సుద్ద. గదిలో అందరూ పని ఆపి చూస్తున్నారు. ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

"తినకపోతే ఉండలేనక్కా. భోజనం మీదికి మనసు పోదు. దీని మీదికే పోతుంది. వాన పడ్డ నేల వాసన వస్తుంది దీనికి." మళ్ళీ తనే చెప్పింది. "నీలం సుద్ద మాత్రం ముట్టను. సబ్బు నమిలినట్టు ఉంటుంది."

నేను పగలబడి నవ్వాను. గదంతా నవ్వింది. ఇప్పుడు ఆ నవ్వు గుర్తొస్తే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది. అప్పుడు మాత్రం పెద్దమనసు చేసుకున్నాననుకుని, వెనక్కి వచ్చిన పాత ముక్కలు పిడికెడు తీసి ఆమె చేతిలో పోశాను. "కొత్తవి ముట్టుకున్నావంటే ఊరుకోను. ఈ ముక్కలు ఎలాగూ చెత్తలోకే. తీసుకుపో" అన్నాను. మర్నాడు ఆమె మూత ఉన్న గుండ్రటి రేకు డబ్బా ఒకటి తెచ్చుకుంది. ఆ తర్వాత ప్రతి శనివారం ఆ డబ్బా నింపి పంపింది నేనే.

పని విషయంలో వంక పెట్టడానికి వీల్లేదు. మెడ తిరిగే చోట, చంక వంపు దగ్గర, చేయి ఆపకుండా ఒక్క ఊపులో గీసేది. నేను అంత నోరున్నదాన్ని కూడా ఆమె గీత చూసి ఊరుకునేదాన్ని. మధ్యమధ్యలో బల్లకు నడుము ఆనించి కళ్ళు మూసుకునేది. మెట్లెక్కితే పిల్లికూన ఎగిరినట్టు మెడ దగ్గర నరం ఎగిరేది. "ఏమే, రాత్రి నిద్రపోలేదా" అనేవాళ్ళం. అలసట అనేది మా గదిలో అందరికీ ఉన్నదే కాబట్టి ఆమెకున్నది వేరే అని ఎవరనుకుంటారు?

ఇంట్లో ముగ్గురు. భర్త లారీ తోలతాడు, నెలలో రెండు మూడు రోజులు కనిపిస్తాడు. అత్తగారు తుంటి పట్టేసి గోడ పట్టుకుని నడుస్తుంది. రెండున్నరేళ్ళ కూతురు. పిల్లను అందరూ బుడంకాయ అని పిలిచేవాళ్ళు. శనివారం సాయంత్రం, కర్ర ఊతంతో కుంటుతూ వచ్చే నాయనమ్మ చెయ్యి పట్టుకుని కార్ఖానా గేటు దాకా వచ్చేది. నన్ను చూసి "సుద్ద పెద్దమ్మా" అనేది. పేచీ లేదు, పరుగులు లేవు. కూర్చోబెట్టిన చోట కూర్చునేది, పడుకోబెడితే పడుకునేది. "ఎంత బుద్ధిమంతురాలమ్మా, మా ఇంట్లో దెయ్యాలకు ఈ పిల్ల మూత్రం తాగించాలి" అని మావాళ్ళు మురిసిపోయేవాళ్ళు. తల్లి తెలుపును మెచ్చుకున్న నోళ్ళే పిల్ల నెమ్మదిని మెచ్చుకున్నాయి.

దొరసానికి మళ్ళీ కడుపు వచ్చింది. అయిదో నెలలో ఒక రోజు గీత గీస్తూ గీస్తూ బల్ల మీదికి ఒరిగిపోయింది. చేతిలో సుద్ద గుడ్డ మీద అడ్డంగా గీత పెట్టింది. ఆమె తప్పుగా గీసిన గీత నాకు తెలిసి అదొక్కటే. నీళ్ళు చల్లి లేపి, సూపర్‌వైజరుతో పోట్లాడి, దగ్గరలో ఉన్న ఆరోగ్య కేంద్రానికి నేనే తీసుకెళ్ళాను.

అక్కడి నర్సు ఆమె కింది కనురెప్ప వేలితో లాగి చూసింది. లోపల ఎర్రగా ఉండాల్సిన చోట కాగితంలా ఉంది. వేలు పొడిచి రక్తం చూసి, "ఆరు" అంది. "పన్నెండు ఉండాలమ్మా. నీకు ఆరు ఉంది. కాన్పులో అందరికీ పోయినట్టు నీకూ రక్తం పోతే నువ్వు దక్కవు. బిడ్డా దక్కదు. ఉన్న నాలుగు నెలల్లో దీన్ని పెంచాలి."

తర్వాత అడిగింది, "మట్టి, సుద్ద, బియ్యం, ఏమన్నా తింటున్నావా?"

దొరసాని నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను.

"రక్తం తగ్గినవాళ్ళకే ఆ యావ పుడుతుంది. అది తింటే తిన్న తిండి కూడా ఒంటికి పట్టదు, మానెయ్" అని నర్సే చెప్పింది. రెండు నెలలకు సరిపడా ఎర్రటి మాత్రలు ఇచ్చింది. రోజుకొకటి, టీతో కాదు, నీళ్ళతో. "ఇంట్లో పిల్ల ఉందన్నావుగా, దాన్నీ తీసుకురా, చూస్తాను" అంది. ఇద్దరం తలూపాం. ఆ కేంద్రం తెరిచే వేళకు మా షిఫ్టు మొదలవుతుంది, మూసే వేళకు ముగుస్తుంది. తీసుకెళ్ళలేదు.

దారిలో దొరసాని భయంభయంగా అంది, "సుద్ద మానగలనంటావా అక్కా? చెయ్యి దానంతటదే డబ్బాలోకి పోతుంది."

అప్పుడు నాకు గొప్ప ఉపాయం తట్టింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

"పోనీ. డబ్బాలో సుద్ద పారబోసి ఈ మాత్రలు వెయ్యి. అట్టల్లో ఉంటే అట్టల్లోనే ఉండిపోతాయి, అన్నీ విప్పి పొయ్యి. సుద్ద కోసం చెయ్యి పెట్టినప్పుడల్లా మాత్ర తగులుతుంది. ఒకటి మింగి మూత పెట్టు."

"భలే చెప్పావక్కా" అంది. ఆ సాయంత్రమే విప్పి పోసిందట.

వారం గడిచాక, మాత్ర వేసుకుంటే కడుపులో మంట, వాంతి, దొడ్డికి పోతే నల్లగా వస్తోంది అని చెప్పింది. "అలాగే ఉంటుంది, ఓర్చుకో" అన్నాను. అప్పుడు బడులు తెరిచే ముందరి ఆర్డరు నడుస్తోంది. గది నుంచి బయటికి పోయినవాళ్ళ పేరు సూపర్‌వైజరు పలక మీద రాసేవాడు. రోజుకు మూడు సార్లు పేరెక్కితే మర్నాడు రావద్దనేవాడు. అత్తగారు మాత్రం కోడలి కోసం కంకణం కట్టుకుంది. తను పాలు మానేసి కోడలికి పోసింది. రోజూ ఒక గుడ్డు ఉడకబెట్టి డబ్బాలో పెట్టి పంపేది. పొద్దున్నే గుమ్మం దగ్గర అడిగేది, "మాత్ర వేసుకున్నావా?" దొరసాని "వేసుకున్నా అత్తయ్యా" అనేది. నేను బల్ల దగ్గర అడిగేదాన్ని, "మింగావా?" "మింగానక్కా." అంతటితో నా బాధ్యత తీరిపోయేది. సుద్దముక్క గోరంతది కూడా చూపించమనే దాన్ని, ఆమెను ఏమీ చూపించమనలేదు. చూపించడానికి ఖాళీ అట్టయినా లేకుండా చేసింది నేనే కదా.

మాత్రలిచ్చిన రెండో నెల నడుస్తుండగా ఒక గురువారం, మధ్యాహ్నం మూడు గంటలప్పుడు, వాళ్ళ గది కింద ఉన్న కొట్టతను సూపర్‌వైజరుకు ఫోన్ చేశాడు. పిల్ల వాంతులు చేసుకుంటోంది, వెంటనే రమ్మని. ఇద్దరం పరుగెత్తాం. ఆమె ఏడో నెల పొట్టతో నాకంటే ముందు మెట్లెక్కింది.

గది మధ్యలో అత్తగారు పిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. నేలంతా ఎర్రగా ఉంది. రక్తమనుకున్నాను. దగ్గరికి పోతే అందులో సగం మాత్రల రంగు. అలమర కిందికి స్టూలు లాగి ఉంది. డబ్బా బోర్లా పడి ఉంది, లోపల మూడు మాత్రలు మిగిలాయి.

"స్టూలెక్కడం ఎప్పుడు నేర్చిందో నాకు తెలియదమ్మా" అని అత్తగారు పిల్ల మూతి తుడుస్తూనే ఉంది. "కాస్త కునుకు పట్టింది. అంతే. కాస్త కునుకు."

నా చూపు మంచం వెనక గోడ మీద పడింది. నేల నుంచి రెండు అడుగుల ఎత్తులో, మంచానికి ఆనుకుని, సున్నం గీకేసి ఉంది. అరచేతి వెడల్పున లోపలి ఇటుక కనిపిస్తోంది. అంచున చిన్న చిన్న పళ్ళ గాట్లు. ఆ డబ్బాలో మా కార్ఖానా ముక్కలు ఉన్నన్నాళ్ళూ తల్లితో పాటు పిల్ల కూడా తింటోందని, అవి మాయమయ్యాక గోడను పట్టుకుందని, అంతలా ఇంటిని కనిపెట్టుకుని ఉన్న ముసలామెకు గానీ తల్లికి గానీ తెలియలేదు. స్టూలెక్కింది మాత్రల కోసం కాదు. సుద్ద కోసం.

ఆసుపత్రిలో కుర్ర డాక్టరు ఒక్కడే ఉన్నాడు. ముప్పై మంది వరసలో కూర్చున్నారు. పిల్లను చూసి ముందు మమ్మల్నే పిలిచాడు.

"ఎన్ని మాత్రలు తింది?"

అత్తగారే జవాబు చెప్పింది. "రెండు నెలలకని ఇచ్చారు బాబూ. మా కోడలు రోజూ తప్పకుండా వేసుకుంటోంది. ఆఖరికి వచ్చేశాయి. అయిదో ఆరో తిని ఉంటుంది."

డాక్టరు దొరసాని వైపు చూశాడు. "అంతేనామ్మా?"

"అంతే" అంది.

"అయిదారయితే ఫర్వాలేదు, వాంతిలో చాలావరకు పోయి ఉంటాయి. సాయంత్రం దాకా ఉంచండి" అన్నాడు.

పొద్దు గూకే వేళకు వాంతులు ఆగిపోయాయి. బుడంకాయ లేచి కూర్చుంది. నీళ్ళడిగింది. డాక్టరు పెన్ను తీసుకుని నా అరచేతిలో గీత గీసి, "సుద్ద పెద్దమ్మా, చొక్కా" అంది. అందరం నవ్వాం. అత్తగారయితే నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది.

వరండాలోకి తీసుకెళ్ళి దొరసానిని అడిగాను. ముందటి ఆదివారం వాళ్ళ గదికి వెళ్ళినప్పుడు అలమర సర్దుతూ ఆ డబ్బా పక్కకు జరిపాను. బరువుగా ఉంది, గలగలమంది. ఆ చప్పుడు అప్పుడు నాకు గుర్తొచ్చింది.

"నిజంగా అయిదారేనా?"

"అంతే అక్కా" అంది, నేల చూస్తూ.

నేను ఇంకోసారి అడగలేదు. పిల్ల లోపల నవ్వుతోంది కదా అని ఊరుకున్నాను. అందరి మీదా అరిచే దాన్ని, అరవాల్సిన ఒక్క చోటా అరవలేదు.

"మత్తుగా పడుకుని ఉంటే వెంటనే తీసుకురండి" అని చెప్పి పంపాడు డాక్టరు. పిల్ల ఇంటికి వెళ్ళి పడుకుంది. అది ఎప్పుడూ పడుకునే పిల్లే. ఏ మత్తు ఏదో ఆ ఇంట్లో ఎవరికి తెలుస్తుంది?

తెల్లారాక చేతులు చల్లబడ్డాయని చూసుకున్నారు. నేను షిఫ్టుకు పోతూ తొంగి చూద్దామని వెళ్ళేసరికి తలుపు తీసి ఉంది, కొట్టతను ఆసుపత్రి వైపు చెయ్యి చూపించాడు. అక్కడ పిల్లను బల్ల మీద పడుకోబెట్టారు. కళ్ళు సగం మూసి ఉన్నాయి. నిన్నటి డాక్టరే. గొంతు పెంచకుండా అడిగాడు.

"అమ్మా, ఆరు మాత్రలు ఇలా చెయ్యవు. నిజం చెప్పండి. డబ్బాలో ఎన్ని ఉన్నాయి?"

దొరసాని అత్తగారి వైపు చూడలేదు, నా వైపు చూడలేదు. పిల్ల పాదం పట్టుకుని చెప్పింది.

"యాభై దాకా ఉన్నాయి. నేను పది కూడా వేసుకోలేదు. వేసుకుంటే మాటిమాటికీ బయటికి పోవాల్సొచ్చేది, పలక మీద పేరెక్కేది. ఆర్డరు అయిపోయాక అన్నీ కలిపి వేసుకుందామని దాచాను. కొన్ని మంచం కిందికి దొర్లాయి, అవి రాత్రి ఏరాను. ఇరవై దొరికాయి, డబ్బాలో మూడు మిగిలాయి."

డాక్టరు "నిన్న ఈ మాట…" అని ఆపేశాడు. ఆ ఆపేసిన మాట మిగతాది ఆమె ఇప్పటికీ ప్రతిరోజూ వింటూనే ఉంటుంది. నేనూ వింటాను. పెద్దాసుపత్రికి రాసిచ్చి బండి తెప్పించాడు. బండి ఎక్కిస్తూ పిల్ల కనురెప్ప లాగి చూసి, "దీనికీ రక్తం లేదు. ఎప్పుడైనా చూపించారా?" అని అడిగాడు. "ముందే పట్టుకుంటే రోజుకు కాసిని చుక్కల మందుతో సరిపోయేది."

పెద్దాసుపత్రి గేటు చేరలేదు. దారిలోనే పోయింది.

బండి ఆగిన చోట, రోడ్డు పక్కన, ముసలామె కోడలిని తిట్టలేదు, కొట్టలేదు. ఒక్క మాట అడిగింది.

"రోజూ పంపిన కోడిగుడ్డయినా తిన్నావా?"

"అంటే అత్తయ్యా…" అంది దొరసాని. "సగం తిని, సగం దానికే తెచ్చేదాన్ని. దానికి ఇష్టమని."

ముసలామె దగ్గరికి జరిగి ఆమె తల తన భుజానికి ఆనించుకుంది. నేను పక్కన నిలబడి ఉన్నాను. నాకు ఏ పనీ లేదు.

ఆ రాకాసి ఆర్డరు మాత్రం ఆగలేదు. పన్నెండో రోజున దొరసాని పనికి వచ్చింది. పలక ఇంకా గోడకు వేలాడుతోంది. నేను దాన్ని తీసి సూపర్‌వైజరు ముందే నేలకేసి కొట్టాను. నన్ను పనిలోంచి తీసేస్తే నలభై పొరలకు జవాబు చెప్పేవాళ్ళు లేరని అతనికి తెలుసు. ఆ పని ఆరు వారాల ముందే చేసి ఉండాల్సింది.

నర్సు కబురు పెట్టి పిలిపించి మళ్ళీ వేలు పొడిచి చూసింది. ఏమైనా సరే మాత్రలు ఆపడానికి లేదు, కడుపులో బిడ్డ ఉంది, రక్తం ఇంకా ఆరే ఉంది. ఈసారి అట్టలు నా చేతికే ఇచ్చింది. సుద్ద పెట్టుకునే సొరుగులో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా మెడలో ఉంటుంది. మధ్యాహ్నం గంట కొట్టే ముందు ఆమె నా బల్ల దగ్గరికి వస్తుంది. ఒక మాత్ర, ఒక గ్లాసు నీళ్ళు.

మొదటి రోజు ఆ ఎర్ర మాత్ర అరచేతిలో పెట్టుకుని అలాగే చూస్తూ నిలబడింది.

"ఇవేగా అక్కా" అంది.

నీళ్ళ గ్లాసు ఆమె వైపు జరిపాను. గదిలో ఎవ్వరూ సుద్ద కదపడం లేదు.

"వేసుకో" అన్నాను చివరికి. "దాని కోసం కాదు. లోపలున్న దాని కోసం."

కళ్ళు మూసుకుని మింగింది. "నాలుక చూపించు" అన్నాను. చూపించింది. సుద్ద తింటూ దొరికిన రోజు అడిగినట్టే అడిగాను, ఆ రోజు చూపించినట్టే చూపించింది. నాలుక మీద ఏమీ లేదు. వెళ్ళి తన చోట నిలబడింది. ఆ రోజు పని అన్నిటికంటే చిన్న సైజు చొక్కాలది. అట్ట పెట్టి చుట్టూ గీసింది. గీత ఎక్కడా వంకర పోలేదు.

ఇప్పుడు నా సొరుగులో మాత్రలయిపోయిన ఖాళీ అట్టలు నాలుగు ఉన్నాయి. నెలలు నిండుతున్నాయి. నిన్న మళ్ళీ ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళాను, షిఫ్టు మధ్యలోనే, ఎవరినీ అడక్కుండా. నర్సు వేలు పొడిచి చూసి, "తొమ్మిదికి వచ్చింది, ఇంకాస్త పెరగాలి" అంది. నేను దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. దొరసాని మొహంలో ఏ మార్పూ లేదు. వేలి మీద దూది అదుముకుని కూర్చుంది.

బయటికొచ్చి రోడ్డు దాటాక అడిగింది.

"దానికి ఎంత ఉండేదో అక్కా."

మేం ఎప్పుడూ చూపించలేదు.